రాసే దీవిలో రాయని పేరు

సినిమా పత్రికలో స్కాట్లాండు గొడవేమిటంటారా? కాస్త ఆగండి. ఇదీ టైటిల్సులో పేరు పడని వాళ్ల కథే!

మా మేనమామ మద్రాసులో పాటల రికార్డింగులకు వయొలిన్ వాయించేవాడు. సినిమాకి తీసికెళ్లి, పాట రాగానే "అదిగో, ఆ వయొలిన్ నాదే" అని చెవిలో చెప్పేవాడు. తెరమీద ఆయన పేరు మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆయన సరదాగా నేర్చుకున్న విదేశీ బాణీ ఒకటుంది - 'మిసెస్ మెక్లౌడ్ ఆఫ్ రాసే'. చిన్నప్పుడు పిల్లలమంతా దానికి గంతులేసేవాళ్లం. ఆ బాణీ ఊరు చూడాలన్న కోరిక నాకు మొన్న తీరింది.

స్కై దీవిలోని స్కాన్సర్ రేవులో పడవెక్కితే అరగంటలోపే రాసే దీవి. పొడవు సుమారు 22 కిలోమీటర్లు. మధ్యలో బల్లపరుపు శిఖరంతో డన్ కాన్ కొండ, 443 మీటర్లు. పైకెక్కి నేను ఆయాసంతో కూలబడ్డ చోటే 1773లో బాస్వెల్ అనే రచయిత స్నేహితులతో రీల్ ఆడాడట! రీలంటే మన ఫిల్ము రీలు కాదండోయ్. గుంపుగా వేసే హుషారైన నాట్యం. దాని బాణీనీ రీలే అంటారు.

కొండ దిగితే రేవు దగ్గర రాసే హౌస్, మెక్లౌడ్ ప్రభువుల పాత భవంతి. ఆ రోజుల్లో బాణీలకు దొరగారి పేరో, దొరసాని పేరో పెట్టడం మామూలే. పోషించే చేతులు కదా! పేరుమోసిన ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ కుటుంబం 1809లో అచ్చువేసిన అయిదో సంపుటిలో ఈ రీల్ ఉంది. దొరసాని పేరుంది. బాణీ పంపినది మెక్లౌడ్ గారని ఉంది. స్కై దీవి రీల్ అనీ ఉంది. కట్టినవాడి పేరే లేదు!

ఆ వైభవమూ ఎంతోకాలం నిలవలేదు. 1843లో మెక్లౌడ్ ప్రభువు అప్పులపాలై, దీవి వదులుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. 1846లో కొన్న జార్జి రైనీ గొర్రెల మేతకోసం పల్లెలకు పల్లెలే ఖాళీ చేయించాడు. తూర్పు తీరంలో హల్లేగ్ అనే పల్లెకు నడిచి వెళ్లాను. మొండిగోడలు, గడ్డి, గాలి... అంతే. ఆ గోడల మధ్య నిలబడి మామయ్య బాణీ ఈల వేశాను. కట్టినవాడు ఇలాంటి ఇంటివాడేనా? ఎవరు చెప్తారు!

ఇంటికొచ్చి మామయ్యకు ఇదంతా చెప్పాను.

"పోనీలేరా, దొరసాని పేరన్నా మిగిలింది" అని నవ్వాడు.

నవ్వాడే గానీ, ఆ సాయంత్రం వయొలిన్ పెట్టె మాత్రం తెరవలేదు.