45 రూపాయల దశమభాగం



పోయిన నెల యూత్ కూటం అయిపోయాక ఇంటర్ చదివే ఒక తమ్ముడు మా దగ్గర ఆగి, "అయ్యగారూ, ఫోన్ల సర్వేలు చేస్తే పైసలొస్తయట. నిజమేనా, ఉత్తదేనా?" అని అడిగాడు. ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించవచ్చు. కాని ఈ విషయంలో మా మీద ఒక బాకీ ఉంది. దానిని ఒక ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాము. దూరాన ఉన్నవారికి కూడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాము. ఇందులో నష్టపోయిన అక్కను అడిగి, ఆమె సరేనన్న తరువాతనే రాస్తున్నాము. పేరు మాత్రం రాయము.

గత సంవత్సరం శ్రమకాల దినాలలో మన ప్రార్థన వాట్సాప్ గ్రూపులోకి ఒక ఉదయం ఒక లింకు వచ్చింది. ఇంట్లో కూర్చొని సర్వేలు చేయండి, రోజుకు 500 నుండి 2,000 వరకు సంపాదించండి అని దాని మీద ఉంది. పెట్టింది మన యూత్ తమ్ముడే. దానికి పైన మేము పంపిన ఆనాటి ధ్యానం ఉంది, కింద ఒక చిన్నబిడ్డ జ్వరం కొరకు ప్రార్థన మనవి ఉంది. మేము బోధన్ నుండి నిజామాబాద్ పోయే బస్సులో నిలబడి ఉన్నాము. అన్నింటికీ కలిపి ఒక బొటనవేలు గుర్తు, ఒక చేతులు జోడించిన గుర్తు పెట్టి ఫోను జేబులో వేసుకున్నాము. లింకు తెరిచి చూడలేదు.

సాయంత్రానికి బీడీలు చేసే అక్కల మధ్య "అయ్యగారు బొటనవేలు పెట్టిండ్రు" అన్న మాట తిరిగింది.

ఆ అక్కది బీడీ పనే. భర్త చేతికి పని లేదు. నిజాం కాలంలో 1937లో పుట్టిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడిన తరువాత మన ఊళ్లలో అటువంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు మేము చెప్పనక్కరలేదు. కొడుకు ఇచ్చిన పాత స్మార్ట్‌ఫోను ఆమె దగ్గర ఉంది. ఆ లింకు నొక్కగానే టెలిగ్రామ్‌లో ఒక "మేడమ్" వచ్చి తెలుగులోనే మాట్లాడింది. ఒక హోటలు బొమ్మ చూపించి ఎన్ని చుక్కలు ఇస్తారని అడిగింది. మరొక వీడియోకు లైకు కొట్టమంది. ఒక్కొక్క పనికి 150 చొప్పున మూడుసార్లు డబ్బు నిజంగానే ఖాతాలో పడింది. మొత్తం 450.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో అక్క లేచి నిలబడి దేవునికి కృతజ్ఞత చెప్పింది. కానుకల పెట్టెలో దశమభాగంగా 45 రూపాయలు వేసింది. మేమంతా "ఆమేన్" అన్నాము. మేము కొంచెం గట్టిగానే అన్నాము.

తరువాతి వారం ఆట మారింది. ఇప్పుడు పెద్ద సర్వేలు, వాటికి ముందుగా కొంత కట్టాలి అన్నారు. 1,000 కడితే 1,300 తిరిగి వచ్చింది. 5,000 కడితే రాలేదు, ఫోనులో అంకె మాత్రం పెరిగింది. ఆ అంకెను విడిపించుకోవడానికి 12,000, మళ్లీ 20,000. అవి మహిళా గ్రూపు లోను పైసలు. తెర మీద ఆమె పేరున 71,000 ఉన్నట్టు చూపిస్తున్నారు. అది చేతికి రావాలంటే ట్యాక్సు కింద ఇంకొక 15,000 కట్టాలన్నారు. ఆ 15,000 ఎవరైనా బదులు ఇచ్చేలా ప్రార్థించమని ఆమె మా ఇంటికి వచ్చింది. అప్పుడు గాని మాకు తెలియలేదు.

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయించాము. అప్పటికి నాలుగు రోజులు దాటిపోయింది. ఈ నంబరు గురించి ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు పోతాము. డబ్బు పోయిన గంటల్లోపే చేస్తే, అది ఖాతాల మీద ఖాతాలు దాటకముందే ఎక్కడో ఒకచోట ఆపే వీలు ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఊరుకుంటే ఆ వీలు పోతుంది. అక్క కట్టిన 38,000లో 4,200 మాత్రం ఒక ఖాతాలో ఆగిందని చెప్పారు.

లింకు పెట్టిన తమ్ముడిని మందలించాలని పిలిచాము. అతడు ఏడ్చాడు. అతడివీ 9,000 పోయాయి. మూడు గ్రూపులలో లింకు పంపితేనే అతని పాత డబ్బు విడుదలవుతుందని చెప్పారట. ఈ మోసం ఊరికి కొత్త మనిషి రూపంలో రాలేదు. మన బిడ్డ ఫోనులోంచి వచ్చి మా బొటనవేలు మీదుగా నడిచి అక్క ఇంటికి చేరింది.

యెహోషువ గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలోని గిబియోనీయుల సంగతి మీరు ఎరుగుదురు. దగ్గరి ఊరివాళ్లే బహు దూరం నుండి వచ్చినట్టు నటించారు. ఎండి బూజుపట్టిన రొట్టెలు, మాసికలు వేసిన చెప్పులు చూపించారు. పెద్దలు ఆ రొట్టెలు చూసి నమ్మి ప్రమాణం చేశారు, దేవుని దగ్గర విచారణ చేయలేదు. సెమినరీలో చదివిన రోజుల నుండి ఈ భాగాన్ని మేము ఎన్నోసార్లు ప్రసంగించాము, ప్రార్థన లేకుండా నిర్ణయం చేయకండని మీకే బోధించాము. ఒక చిన్న వివరం మాత్రం మా కంటికి పోయినేడాది దాకా ఆనలేదు. సంగతి బయటపడినప్పుడు సమాజమంతా సణిగింది ఎవరి మీద? తమ నాయకుల మీద. అక్క ఖాతాలో పడిన 150 రూపాయలు ఆ బూజు రొట్టెలాంటివి. వాటిని చూసి ఔనన్నది మేము.

"సర్వే" అన్న మాట మన దగ్గర ఎందుకు ఇంత తేలికగా నమ్మించిందో కూడా మేము ఆలోచించాము. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు గుర్తుందా? భివండి నుండి, ముంబై నుండి మనవాళ్లు రైళ్లలో, బస్సులలో కిక్కిరిసి ఇళ్లకు వచ్చారు. రోజంతా గడప దాటలేదు. మళ్లీ 2024 నవంబరులో ఇంటింటి కులగణన జరిగింది. సర్వేలో పేరు లేకపోతే ఏదో పోతుందన్న భయం మనలో ఉంది. వాటిలో ఎవరూ మనకు డబ్బు ఇవ్వలేదు, మనల్ని అడగనూ లేదు. ఆ నమ్మకం మీద ఈ దొంగలు కూర్చున్నారు.

ఇది మనవాళ్ల అమాయకత్వం మాత్రమే అనుకోకండి. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు ఇటువంటి వ్యవహారాన్నే బయటపెట్టి తొమ్మిదిమందిని అరెస్టు చేశారు. దేశమంతటా సుమారు 15,000 మంది నుండి 712 కోట్లు దోచుకున్నట్టు తేల్చారు. ఫిర్యాదు చేసిన చిక్కడపల్లి నివాసి చుక్కల రేటింగు పనితోనే మొదలుపెట్టాడు. 1,000 పెడితే 866 లాభం వచ్చింది. చివరికి పోయినవి 28 లక్షలు. అంతకన్నా ముందు, 2010, 2011లో స్పీక్ ఏషియా అని ఒకటి నడిచింది. 11,000 కట్టి చేరితే వారానికి రెండు సర్వేలు, వారానికి 1,000 రూపాయలు. ఏడాదికి 52,000 అన్నమాట. కొత్తవారిని చేర్చితే దాని మీద మళ్లీ కమీషన్. లక్షలమంది చేరారు. 2011 మేలో టీవీలలో ప్రశ్నలు లేచాయి. మా కొరకు సర్వేలు చేస్తారని వారు చెప్పుకున్న పెద్ద కంపెనీలు మాకు సంబంధం లేదన్నాయి. కొద్ది నెలల్లోనే పోలీసు కేసులు, అరెస్టులు. చెరకు రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. చెరకు లోపలికి పోకుండా చక్కెర బయటికి రాదు. సర్వే కొనేవాడు లేనప్పుడు ఆ 1,000 ఎక్కడి నుండి వస్తుంది? వెనుక చేరినవాడి 11,000 నుండి.

మరి నిజమైన సర్వేలు లేవా అంటే, ఉన్నాయి. సబ్బుల కంపెనీ, ఫోన్ల కంపెనీ తమ సరుకు గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు చేస్తుంది. అందులో కొన్ని పైసలు జవాబు చెప్పినవారికి వస్తాయి. తెలియకుండా తీర్పు చెప్పే తప్పు మళ్లీ చేయకూడదని మేమే ఒక నెల ఆ పని చేసి చూశాము. ఒక నోటుబుక్కులో లెక్క రాసుకున్నాము. (ఈ నెలంతా అయ్యగారు ఫోనులోనే ఉన్నారని అమ్మగారు మీలో కొందరితో అన్నదట. అది దీని కొరకే.)

41 సర్వేలు తెరిచాము. 27 మధ్యలోనే మూసుకుపోయాయి. ఇంట్లో కారుందా, ఆరు నెలల్లో విమానం ఎక్కారా, ఈ ఏడాది ఏ ల్యాప్‌టాప్ కొంటారు అని అడుగుతారు. నిజం చెబితే, ఈ సర్వేకు మీరు సరిపోరు, ధన్యవాదాలు అని వస్తుంది. ఒక్కోసారి పది నిమిషాలు జవాబులు చెప్పించుకున్నాక వస్తుంది. బీడీల అక్కలకు ఇది బాగా అర్థమవుతుంది. చేసి తెచ్చిన కట్టలలో కొన్నింటిని పనికిరావని పక్కకు నెట్టినట్టే. అబద్ధం చెబితే ముందుకు పోవచ్చు. కారున్నదని నొక్కుదామా అని ఒక క్షణం మాకూ అనిపించింది, దాచడం ఎందుకు.

14 పూర్తయ్యాయి. మొత్తం తొమ్మిది గంటలు పట్టింది. పాయింట్లన్నీ రూపాయలుగా మార్చితే 210. గంటకు 23 రూపాయలు. అవీ చేతికి రాలేదు. కొన్ని ఆన్‌లైన్ షాపు కూపను కావడానికి ఇంకా పాయింట్లు కావాలన్నాయి. గూగుల్‌వాళ్లది నమ్మదగినదే, కాని అది ఇచ్చేది ప్లే స్టోరులోనే చెల్లే డబ్బు. దానితో ఉప్పు ప్యాకెట్ కూడా రాదు. ఒకటి ఆధార్ ఫోటో అడిగింది, అక్కడే మూసేశాము. ఇంగ్లీషు చదవగలిగి, ఖాళీ సమయం ఉన్నవారికి ఫోను రీచార్జికి కొంత ఆసరా అవుతుందేమో. దానిని ఉద్యోగమని గాని, ఇల్లు గడిచే దారి అని గాని ఎవరైనా చెబితే నమ్మకండి. నిజమైన సర్వే మీ దగ్గర ఒక్క రూపాయి అడగదు. అడిగిందంటే అది సర్వే కాదు. రిజిస్ట్రేషన్ అనండి, డిపాజిట్ అనండి, ట్యాక్సు అనండి, ఏ పేరు పెట్టినా అంతే. తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంకొకటి కూడా యూత్ తమ్ముళ్లకు చెప్పాలి. నీ బ్యాంకు ఖాతా, సిమ్ము మాకు ఇవ్వు, నెలకు ఇంత ఇస్తామని ఎవరైనా అంటే, దోచిన సొమ్ము దాటించడానికి నిన్ను వంతెన చేస్తున్నారని అర్థం. పోలీసులు మొదట పట్టుకునేది ఖాతా ఎవరి పేరున ఉందో వారినే.

ఇక అక్క సంగతి. మేమూ సంఘ పెద్దలమూ మాట్లాడుకొని ఆమె గ్రూపు లోను కిస్తీలలో సగం మా జీతంలోంచి కడుతున్నాము. ఇది గొప్ప కొరకు చెప్పడం లేదు, బాకీ అన్నాము కదా. మూడు నెలల తరువాత ఒకరోజు బీడీ జీవనభృతి 2,016 రూపాయలు తీసుకుందామని ఆమె బ్యాంకుకు పోతే ఖాతా ఆపేసి ఉంది. ఎందుకని అడిగితే, మహారాష్ట్రలో ఎవరో మోసపోయి ఫిర్యాదు చేశారట. వారి డబ్బులో 150 రూపాయలు తిరిగి తిరిగి ఈమె ఖాతాలో పడ్డాయట.

మొదటి రోజు ఆమెకు అందిన డబ్బు అది. మేము సంఘంలో "ఆమేన్" అన్న డబ్బు అది. దొంగలు తమ జేబులోంచి ఎవరికీ ఎర వేయరనీ, నిన్న మోసపోయినవాడి సొమ్మే ఈరోజు ఇంకొకరికి ఎరగా వేస్తారనీ మాకు అప్పుడు తెలిసింది. దరఖాస్తులు రాసి, బ్యాంకు చుట్టూ తిరిగి, ఖాతా తెరిపించేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు ఆమె భృతి అందులోనే ఉండిపోయింది.

ఖాతా తెరుచుకున్న రోజు ఆమె మా ఇంటికి వచ్చి కూర్చుంది. మంచినీళ్లు తాగి, "అయ్యగారూ, నేను పెట్టెల ఏసిన 45 రూపాయలు ఎవలియో గదా. అవి దేవునికి ఎట్ల చెల్లుతయి?" అని అడిగింది. ఏమి చెప్పాలో మాకు తోచలేదు. మరుసటి ఆదివారం పెద్దల ఎదుట కానుకలలోంచి 45 రూపాయలు తీసి ఒక కవరులో పెట్టాము. ఆ 150 పోగొట్టుకున్న మనిషి వివరం దొరుకుతుందేమోనని బ్యాంకులో అడిగాము, పోలీస్ స్టేషనులోనూ అడిగాము. ఇంకా దొరకలేదు. కవరు సంఘం బీరువాలో, లెక్కల పుస్తకం కింద ఉంది.