పహ్లా అడ్డా, దూస్రా అడ్డా, ఘర్

మా బడిలో బేస్‌బాల్ ఆడామంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. బోధన్‌లో ఉర్దూ మీడియం సర్కారీ బడి, 1990ల మొదట్లో సంగతి. బ్లాక్ బోర్డుకే నలుపు మిగలని చోటికి అమెరికా ఆట ఎట్లా వచ్చిందంటారు ఆఫీసు దోస్తులు. ఒక గుడ్డ సంచీలో వచ్చింది. ఒక బ్యాటు, రెండు తోలు గ్లవ్స్, ఎర్రదారం కుట్లున్న తెల్ల బంతి. మా పీఈటీ సారు నిజామాబాద్ పోయి మోసుకొచ్చారు. క్రికెట్‌లో జిల్లా టీముకు పోవాలంటే వందమందితో పోటీ, దీంట్లో పోటీయే లేదు, సర్టిఫికెట్ దొరికితే పై చదువుల్లో స్పోర్ట్స్ కోటా పనికొస్తుందని సారు హిసాబు.

తక్లీఫ్ ఎక్కడంటే, సారుకు ఉర్దూ రాదు. జల్దీ, బైఠో, చుప్ అనే మూడు మాటలతో నౌకరీ నెట్టుకొస్తున్నారు. మా జమాత్‌లో చాలామందికి తెలుగు బజారులో బేరమాడేంత మట్టుకే వచ్చు. నాకు కొంచెం ఎక్కువ. అబ్బా దర్జీ, దుకాణం తెలుగువాళ్ల గల్లీలో ఉండేది, గిరాకీల కొలతలు రాసుకునేది నేను. అందుకని సారు నన్ను పక్కన నిలబెట్టుకుని "వీళ్లకు చెప్పురా" అనేవారు. నా జిందగీలో మొదటి తర్జుమా అది. తర్వాత పొట్టకూటి కోసం ఎన్నో చేశాను గానీ అంత మజా మళ్లీ దేంట్లోనూ రాలేదు.

బేస్‌ను అడ్డా అన్నాను. పహ్లా అడ్డా, దూస్రా అడ్డా, తీస్రా అడ్డా. హోమ్‌ను ఘర్ అన్నాను. నాలుగు చెడ్డ బంతులు పడితే ఏ కష్టమూ లేకుండా మొదటి అడ్డాకు నడిచిపోవచ్చు గదా, దానికి ముఫ్త్ అని పేరు పెట్టాం. బంతి విసిరేవాణ్ని ఫేకూ అన్నాం. మా దగ్గర కోతలు కోసేవాణ్ని కూడా ఫేకూ అనే అంటారు గనక ఆ పోస్టుకు ఎవడూ ముందుకు రాలేదు. చివరికి చష్మాగాడు ఒప్పుకున్నాడు. అడ్డాలకు చక్కెర గోనె సంచులు మడిచి వేశాం. ఫ్యాక్టరీ ఊళ్లో గోనెలకేం కొదవ.

అసలు కష్టం మా చేతులతో వచ్చింది. మేమంతా అజహరుద్దీన్ ముసీబత్‌లో పడినవాళ్లం. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిన హైదరాబాదీ, ఆ మణికట్టు తిప్పుడు చూసి పెరిగాం. బేస్‌బాల్‌లో ఆ నజాకత్‌కు గిట్టుబాటు లేదు. క్రికెట్‌లో చుట్టూరా మైదానమంతా నీదే. ఇక్కడ ఘర్ నుంచి మొదటి అడ్డాకు, మూడో అడ్డాకు గీసిన రెండు గీతల మధ్య పడితేనే లెక్క, వెనక్కి పోయిందంటే ఫౌల్. అజ్జూ భాయ్ ఫైన్ లెగ్‌కు ముద్దుగా తిప్పే బంతి ఇక్కడ దండగ. ఇంకోటి, కొట్టాక బ్యాటు పారేసి ఉరకాలి. మా లంబూ ఎన్నిసార్లు చెప్పినా బ్యాటు చంకలో పెట్టుకునే ఉరికేవాడు. "పారెయ్‌రా" అని సారు తెలుగులో, "ఫేంక్ రే" అని నేను ఉర్దూలో. వాడు రెండూ వినేవాడు కాదు. పోతే మళ్లీ ఎవడు కొనిస్తాడని వాడి ఫికర్.

జిల్లా సెలెక్షన్‌లో ఒక్క మ్యాచ్ ఆడి ఓడిపోయి వచ్చాం. కోటా గీటా ఎవరికీ దక్కలేదు.

నాకు మాత్రం ఒకటి దక్కింది. మాటలు దొరక్క నేను తడబడుతుంటే సారు పాత తెలుగు వారపత్రికలు తెచ్చిచ్చేవారు, కథలు చదువు, మాటలు వాటంతటవే వస్తాయని. వచ్చాయి. ఇంటర్ అయ్యాక డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఖాందాన్‌లో పెద్ద హంగామా అయ్యింది. అలీఫ్ బేతో మొదలైనవాడు పంతులు అవుతాడా అని మామూ నవ్వాడు. అబ్బా ఒక్కడే, ఏ జబాన్ అయినా రిజ్క్ ఇచ్చేవాడు అల్లాయే గదా అన్నాడు. ఆ జబానే ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెడుతోంది.

ఆ తొమ్మిదిమందిలో ఒకడు దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. ఒకడు షికాగోలో ట్యాక్సీ నడుపుతాడు, హైదరాబాదీలు జమయ్యే డెవాన్ అవెన్యూ దగ్గర ఇల్లు. 2016 నవంబర్‌లో ఒక పొద్దున నేను చాయ్ తాగుతుంటే ఫోన్ చేసి ఏడ్చాడు. ఎవరైనా గుజర్ గయారేమోనని నా పానం దడదడ. కాదు, వాళ్ల ఊరి టీమ్ కబ్స్ పదో ఇన్నింగ్స్ దాకా పోయి 8-7తో గెలిచిందట. 1908 తర్వాత ఇదే, 108 ఏళ్లు రే అంటాడు. 1908 అంటే మూసీ తుగ్యానీ వచ్చిన సాల్. సెప్టెంబర్ ఆఖర్లో ఇక్కడ హైదరాబాదు మునిగింది, అక్టోబర్‌లో అక్కడ వాళ్లు గెలిచారు. ఈ ముచ్చట చెబితే వాడు కాసేపు చుప్ అయ్యి, అక్కడ నాతోపాటు ఏడ్చినవాళ్లలో తుగ్యానీ అంటే తెలిసినవాడు ఒక్కడూ లేడు యార్ అన్నాడు.

చష్మా మేం చదివిన బడిలోనే లెక్కల టీచరు. జమాత్‌లో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారని రంజ్ పడతాడు. వాడి పిల్లలూ, నా పిల్లలూ ఇంగ్లీష్ మీడియమే, ఆ మాట వచ్చినప్పుడు ఇద్దరం ఇంకేదో మాట్లాడుకుంటాం. మా వాట్సాప్ గ్రూపులో ఉర్దూ అంతా ఏబీసీడీల్లోనే. ఈద్ ముబారక్ ఒక్కటే అసలు లిపిలో వస్తుంది, అదీ ఎవరో చేసిన ఫొటో.

లంబూ బస్టాండ్ దగ్గర మోసంబి బండి పెట్టుకున్నాడు. "తూ లిఖ్తా సో మేరెకు పడ్నా నై ఆతా రే" అని ఎన్నోసార్లు అన్నాడు. గిలా కాదు, ఊరికే చెప్పినట్టే అంటాడు. నేను ఎవరి గురించి రాస్తానో వాళ్లకే అందని జబాన్‌లో రాస్తున్నాను. బడిలో వాళ్ల కోసం తెలుగును ఉర్దూ చేశాను. ఇప్పుడు వాళ్ల ఉర్దూ జిందగీలను ఇంకెవరి కోసమో తెలుగు చేస్తున్నాను. దీన్ని తరక్కీ అనాలో ఇంకేమనాలో నాకు తెలీదు.

లంబూ బిడ్డ తెలుగు మీడియంలో తొమ్మిదో తరగతి. మొన్న రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక నా పాత వ్యాసం ఒకటి, ఆ జిల్లా మ్యాచ్ గురించిందే, ఫోన్‌లో పెట్టుకుని బాపుకు ఒక్కో వాక్యం చదివి ఉర్దూలో చెప్పిందట. ఆగని చోట ఆగి, తెలీని మాట వాళ్ల టీచర్ను అడిగి, మూడు రోజులు పట్టింది. తర్వాత ఆ పిల్లే ఫోన్ చేసింది.

"చాచా, అబ్బా ఘర్ కాడ అవుట్ కాలేదంట. మీరు అవుటని రాసిన్రంట. మార్చాలంట."

అవుటే. నేను అక్కడే ఉన్నాను, వాడి చంకలో బ్యాటు కూడా ఉంది. అదే చెప్పాను. వెనకాల నుంచి లంబూ అరుపు వినిపించింది, పిల్ల దాన్ని నాకు తెలుగులో చెబుతోంది.