మురిగిపోయిన ఓటు

2024 మే నెలలో నా మొదటి ఓటు వేశాను. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే మా నాన్న చెప్పాడు: "గెలవనోడికేస్తే ఓటు మురిగిపోద్దిరా."

నాకు నచ్చిన అభ్యర్థి ఒకాయన ఉన్నాడు. మా శివారు పొలాలకు నీళ్ళందడం లేదని ఊరూరా తిరిగి చెప్పినవాడు. ఆయన గెలవడని నాకూ తెలుసు. లోపలికెళ్ళి, గెలిచే అవకాశమున్న ఇద్దరిలో కాస్త నయమనిపించినవాడి మీట నొక్కి వచ్చేశాను. వేలి మీద సిరా ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి మనసులో గుచ్చుతూనే ఉంది.

నేను చదివేది సైన్సు. ఫలితాలు వచ్చాక కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు వస్తే 175 స్థానాల్లో 23 దక్కాయి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకూ సుమారు 39 శాతమే వచ్చాయి, దక్కినవి 11. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో ముక్కోణపు పోటీ జరిగింది. ఓట్లు చీలి, 37 శాతం లోపు ఓట్లతోనే కాంగ్రెసు 294లో 156 గెలిచింది. ప్రజారాజ్యానికి 16 శాతం ఓట్లు వచ్చినా మిగిలినవి 18 స్థానాలే!

కారణం కష్టమైనదేమీ కాదు. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే సభ్యుడు. మిగతా ఓట్లు మా శివారు బోదెలో నీళ్ళ లాంటివి; ఉన్నాయంటారు గాని చేలోకి రావు. ఈ పద్ధతిలో పోటీ ఇద్దరి మధ్యకే చేరుతుందని డ్యువర్జర్ అనే ఫ్రెంచి పండితుడు 1951లోనే రాశాడు. ఓటరు మా నాన్నలా ఆలోచిస్తాడు. చిన్న పార్టీ పొత్తు వెతుక్కుంటుంది. జనసేన 2019లో పెద్ద పార్టీలకు దూరంగా నిలబడి ఒక్క స్థానం గెలిచింది. 2024లో పొత్తులో 21 చోట్ల పోటీ చేసి 21 గెలిచింది.

జర్మనీలో ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి మనిషికి, ఒకటి పార్టీకి. 5 శాతం దాటిన పార్టీకి ఓట్లను బట్టి స్థానాలొస్తాయి. ఈ మాట నాన్నకు చెబితే, "మరి ప్రభుత్వం ఎవరిది?" అన్నాడు.

"ఎన్నికలయ్యాక పార్టీలు మాట్లాడుకుని ఏర్పాటు చేస్తాయి నాన్నా."

"ఇక్కడ పొత్తు ముందే తెలుస్తది, నచ్చకపోతే మానేస్తాం. ఓటేశాక కలిస్తే మనం చేసేదేముంది?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మా అభ్యర్థికి ధరావతు కూడా దక్కలేదు. ఆయన్ని మెచ్చుకుంటూనే వేరొకరికి వేసినవాళ్ళు మా వీధిలోనే నలుగురు తేలారు. మేమందరం వేసినా ఆయన ఓడేవాడే. కాని శివారు పొలాల మాట ఎంతమందిదో గెలిచినవాడికి ఆ లెక్క చూస్తే తెలిసేది. నిజంగా మురిగిపోయింది ఏ ఓటో, నాకిప్పుడు అనుమానంగా ఉంది.