అద్దాల తొట్టిలో చుక్కలు



మాది సముద్రం ఎరుగని జిల్లా. నేను పుట్టింది జమ్మలమడుగు, పిల్లలకు పద్యాలు చెప్పింది పులివెందుల వైపు, విశ్రాంతిగా ఉంటున్నది ప్రొద్దుటూరు. మా ఇండ్లలో పరచిన కడప బండలు మాత్రం కోట్ల ఏండ్లనాటి సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపురాళ్ళేనని భూగర్భశాస్త్రజ్ఞులంటారు. ఆ బండల మీద అరవయ్యేండ్లు నడిచినాకగాని సముద్రజీవులను దగ్గరగా చూసే యోగం పట్టలేదు. అదీ సముద్రతీరాన కాదు. డల్లాసు దగ్గర మా అబ్బాయి ఇంట్లో, ఒక అద్దాల తొట్టిలో.

ఉప్పునీరు, నీలిదీపాలు, నీటిని కదిలించే మోటార్లు, నడుమ సూక్ష్మజీవులతో నిండిన రాళ్ళు. ఆ రాళ్ళను వాళ్ళు లైవ్ రాక్ అంటారు. నేను సజీవశిల అనుకొన్నాను. వాటిని అంటిపెట్టుకొని పిలువని పేరంటపు జీవులెన్నో వస్తాయట. ఒకనాటి ఉదయం మా మనుమరాలు "తాతా, అద్దం మీద చుక్కలు!" అని కేక వేసింది. చూద్దును గదా, చిటికెనవ్రేలి గోరంత కూడ లేని తెల్లని నక్షత్రాలు! ఒకదానికి ఐదు చేతులు, ఇంకొకదానికి ఆరు, మరొకదానికి మూడు పెద్దవీ మూడు మొలకలూ.

వీటిని ఆస్టెరీనాలంటారు. మనం నక్షత్రచేప అంటాము గాని, వెన్నెముకా తలా లేని దీనికి చేప అన్న పేరు చెల్లదు. తన శరీరాన్ని తానే చీల్చుకొని ఒకటి రెండవుతుంది. చేతులు సమంగా లేకపోవడానికి కారణమదే. కడుపును నోటి గుండా వెలికి చాచి, అద్దం మీది పాచిని అక్కడికక్కడే జీర్ణం చేసుకొంటుంది.

ఆ వారమే తొట్టిలో జోయాంథిడ్లనే పూలవంటి జీవులు ముడుచుకొనిపోసాగాయి. వాటి మీద చుక్కలు కూర్చొని ఉన్నాయి. "నాయనా, ఇవే తింటాండాయి" అని మావాడు తీర్పు చెప్పినాడు. ఈ జాతులలో కొన్ని జోయాంథిడ్లను తింటాయన్న అనుమానం అక్వేరియం పెంచేవారిలో ఉన్నదే. హార్లెక్విన్ రొయ్యను తెస్తానన్నాడు. అది నక్షత్రచేపలను తప్ప తినదట. బ్రతికి ఉండగానే చేతి కొసనుండి మొదలు పెడుతుందట.

"ఇవి అయిపోయినాక అదేమి తింటుందిరా?" అన్నాను.

"వేరే నక్షత్రాలు కొనక్కొచ్చి వెయ్యాల."

నాకు మింగుడు పడలేదు. రొయ్య వద్దు, నేనే ఏరుతానని పట్టకారు పుచ్చుకొన్నాను. వారంలో నలభై దాకా తీసి, కప్పులో వేసి, ఎండబెట్టినాను. ఒకటి పట్టుకు రాక రెండు ముక్కలైంది; ముక్కలు రెండూ పాకుతూ వెళ్ళాయి. జోయాంథిడ్లు మాత్రం తేరుకోలేదు.

ఒక రాత్రి టార్చిలైటూ భూతద్దమూ పట్టుకొని కూర్చొన్నాను. చుక్కలు ఉన్నది అప్పటికే కుళ్ళుతున్న వాటి మీద. విచ్చుకొన్న వాటి మీద ఒక్కటీ లేదు. మరునాడు మావాడు ఉప్పు కొలిచినాడు. 1.025 ఉండవలసిన సాంద్రత 1.030 ఉంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. తగ్గిన మేరకు మంచినీరు పోసే బుడ్డి ఇరుక్కొనిపోయి ఎన్నాళ్ళయిందో! కొద్దికొద్దిగా ఉప్పులేని నీరు కలుపగా పదిరోజులకు పూలు విచ్చుకొన్నాయి. మిగిలిన చుక్కలు అద్దం మీద తమ పాచి తాము తింటూనే ఉన్నాయి. కప్పులోని నలభై మాత్రం తిరిగి రావు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చుక్కలు కావు.

1991లో మా తరగతిలో ఒక పిల్లవాని కాంపాసు పెట్టె పోయింది. విరామ సమయంలో ఆ సంచి దగ్గర కనబడినాడని హాస్టలు పిల్లవానిని ఒకనిని బెత్తంతో కొట్టినాను. రెండురోజులకు పెట్టె పోగొట్టుకొన్నవాని ఇంటిలోనే దొరికింది. చెల్లెలు తీసి దాచిందట. నేను "సరే, కూర్చో" అన్నానే తప్ప, కొట్టినవానిని చూసి ఒక్క మాట అనలేదు. అంతవరకు పద్యం చదవడానికి అందరికంటె ముందు చెయ్యెత్తే పిల్లవాడు, ఆ ఏడాది మళ్ళీ చెయ్యెత్తలేదు. అక్కడ కనబడడమే వాని నేరం.

ఇప్పుడాయనకు ప్రొద్దుటూరులో చిన్న బంగారు అంగడి ఉంది. కనబడినప్పుడల్లా "బాగుండారా సార్" అంటాడు. బాగున్నానని తప్పుకొనేవాడిని.

ఊరికి తిరిగి వచ్చిన వారానికి అంగడికి వెళ్ళి, ఆ పెట్టె సంగతి ఎత్తి, "తప్పు నాదే నాయనా, ఆనాడే చెప్పవలసింది" అన్నాను. ఆయన త్రాసు మీదినుండి చూపు ఎత్తి, "ఏ పెట్టె సార్?" అన్నాడు.

నిజంగా మరచినాడో, నా కోసం మరచినట్లు నటించినాడో తెలియదు. టీ తెప్పించినాడు, త్రాగి వచ్చినాను.