లాయరు ఎవరి తరఫున?

సికింద్రాబాద్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న మా చిలకలగూడలో రైల్వేలో చేసి రిటైరైన వాళ్లు చాలామంది. పెన్షన్ కాగితాల ఫైల్లోనే ఇప్పుడు పిల్లల అమెరికా కాగితాల జిరాక్సులూ ఉంటున్నాయి. ఏది దేనికో తెలియకపోయినా పారేయరు. గార్డుగా చేసిన మా పక్కింటాయన మొన్న అలాంటిదే ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అమ్మాయి ఉద్యోగం పోయిందమ్మా. లాయరున్నాడుగా, ఆయన చూసుకుంటాడులే అంటే, ఆయన మన లాయరు కాదు నాన్నా అంటుంది. ఇదిగో, ఇందులో పేరుంది చూడు."

పేరుంది. అది ఐ-797, హెచ్-1బి మంజూరైనట్టు వచ్చే పత్రం. వెళ్లింది లాయరు ఆఫీసు చిరునామాకే. కానీ పిటిషనర్ అన్నచోట కంపెనీ పేరుంది. అమ్మాయి పేరు బెనిఫిషియరీ అన్నచోట ఉంది. లాయర్ని పెట్టుకున్నదీ ఫీజు కట్టిందీ కంపెనీయే. పిటిషన్ వేసేనాడు ఇద్దరికీ కావలసింది ఒకటే కాబట్టి తేడా కనిపించదు. కొన్నిసార్లు ఉద్యోగిని కూడా క్లయింటుగానే లెక్కిస్తారు. అయినా కంపెనీకీ ఆమెకీ పేచీ వచ్చిందంటే ఆయన ఆమె పక్షాన నిలబడలేడు. అమ్మాయి చెప్పింది నిజమే.

హెచ్-1బి ఉద్యోగం పోతే అక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. ఐ-94 (అక్కడ ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు ముందే తీరిపోతే ఆ 60 కూడా ఉండవు. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా భర్తకు హెచ్-1బి ఉంటే ఆయన మీద ఆధారపడి ఉండే హెచ్-4కి మారడానికి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా బయల్దేరాలి. అందుకే సొంత లాయరు ముందుగా జీతం ఏ తేదీ వరకు లెక్కకట్టారో అడుగుతాడు. సాధారణంగా లెక్క అక్కడి నుంచే మొదలు. ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే సెవరెన్స్ డబ్బు ఆ తర్వాత చేతికొచ్చినా రోజులు పెరగవు. ఈ ఒక్కటి తెలియక ఉన్న కొద్ది రోజుల్నీ పోగొట్టుకుంటారు.

ఆ అమ్మాయి ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. 2000 జనాభా లెక్కల్లో 33 వేల చిల్లర ఉన్న ఆ ఊరు 2020 నాటికి 2 లక్షలు దాటింది. హనుమంతుడి గుడి వచ్చింది, మన సరుకుల కొట్లు వచ్చాయి. ఊరితోపాటు ఉచిత సలహాలూ పెరిగాయి: ఫలానా వాళ్లకి ఇలాగే అయిందట, ట్యాక్సులు వేసే ఆయన చెప్పాడట. ఇమిగ్రేషన్ విషయంలో చట్టపరమైన సలహా చెప్పే అర్హత అక్కడ లైసెన్సున్న లాయరుకీ, న్యాయశాఖ గుర్తింపు పొందిన సంస్థల ప్రతినిధులకీ మాత్రమే ఉంది. నోటరీ బోర్డు పెట్టుకుంటే చాలదు. లాయరుకి నిజంగా లైసెన్సుందో లేదో ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు, చిలకలగూడలో కూర్చుని కూడా. ఇమిగ్రేషన్ ఫెడరల్ చట్టం కాబట్టి లాయరు అదే ఊళ్లో, అదే రాష్ట్రంలో ఉండాలని కూడా లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఉద్యోగాలు పోయినవాళ్ల సంగతి కన్నా, ఇక్కడి నుంచి చదువుకని వెళ్లిన పిల్లల సంగతి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరు బయటికొచ్చింది. ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. తొలి విడతలో పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే. వాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. చేర్పించిన దళారులు ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు, ఎవరికి వారే పెట్టుకోవాలి. ఆటా, తానా లాంటి అక్కడి తెలుగు సంఘాలు పరుగున వచ్చి లాయర్లతో మాట్లాడించాయి. అప్పటికే పిల్లల చేతులకు సంకెళ్లు పడ్డాయి.

ఇలా చేర్పించే కన్సల్టెన్సీ వాడికి సీటు కుదిరితే కమిషన్. వీసా పోతే వాడికి పోయేదేమీ లేదు. వాడికి కట్టే డబ్బులో కాస్త మిగుల్చుకుని, తనకంటూ ఒక లాయర్ని పెట్టుకుని అక్కడ చేరిన పిల్లాడు ముందే ఒక్క గంట అడిగి ఉండాల్సింది, క్లాసులు లేని కాలేజీలో చేరితే నా వీసా నిలుస్తుందా అని.