నార్త్ ఎవెన్యూలో మా గుడిబండ అమ్మాయి

రాష్ట్రపతి భవన్‌కు దగ్గర్లోనే నార్త్ ఎవెన్యూ. దారికి రెండు పక్కలా పార్లమెంటు సభ్యుల క్వార్టర్లు. నేను వెళ్లింది మార్చిలో. ఢిల్లీ రోడ్ల మీద బూరుగుచెట్లు ఆకులన్నీ రాల్చేసి ఎర్రగా పూసి ఉన్నాయి. ఒక క్వార్టరులో ముందుగదినే ఆఫీసు చేసుకున్నారు. రెండు బల్లలు, ఒక ప్రింటరు, గోడవారన మంత్రిత్వ శాఖల వార్షిక నివేదికల కట్టలు. బీఏ ఆఖరి సెమిస్టరు చదువుతున్న మా కాలేజీ అమ్మాయి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఏదో టైపు చేస్తోంది. నన్ను చూడగానే లేచి, “ఎప్పుడొచ్చినారు సార్? టిఫినయిందా?” అంది. ఆ మాట వినగానే రెండు రాత్రుల రైలు ప్రయాణం బడలిక తీరిపోయింది.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక ఇంకో రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం బయటే. ఆలోచన మంచిది. కామర్స్ పిల్లలు ఆడిటర్ల దగ్గరికి పోతారు. సైన్సు పిల్లలకు హిందూపురం పక్కన తూమకుంట ఫ్యాక్టరీలున్నాయి, పెనుకొండ దగ్గర కార్ల పరిశ్రమ ఉంది. చిక్కంతా బీఏ పిల్లలతోనే. రాజనీతి శాస్త్రం చదివేవాళ్లను ఎక్కడికి పంపాలి? చాలామంది ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చేస్తున్నారు. ఈ అమ్మాయి మాత్రం పార్లమెంటు సభ్యుల ఆఫీసులకు వరసబెట్టి ఉత్తరాలు రాసింది. చివరికి ఒకరు రమ్మన్నారు. తన పేరు రాయవద్దని ఆ సభ్యుడు కోరారు కాబట్టి రాయడం లేదు.

గుడిబండ కర్ణాటక అంచున ఉన్న మండలం. మడకశిర, రొళ్ల, అగళి, అమరాపురంలో లాగే మా దగ్గరా కన్నడ మీడియం బడులున్నాయి. ఈ అమ్మాయిది ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు. ఇంగ్లీషు కాలేజీకి వచ్చాకే పట్టుబడింది. ఇప్పుడు ఫోన్లో మంత్రిత్వ శాఖ ఉద్యోగితో హిందీలో మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను.

ఆమె ప్రధానంగా చేసేది ప్రశ్నలు తయారుచేసే పని. బయటినుంచి చూస్తే తేలికనిపిస్తుంది. లోక్‌సభలో ఒక ప్రశ్న వేయాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అందులో వాదన, ఆరోపణ ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. కేంద్రం పరిధిలోని విషయమే అయి ఉండాలి. వచ్చిన నోటీసుల్లోంచి లాటరీ తీసి రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు ఎంపిక చేస్తారు. వాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. ఆపైన అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబిస్తారు.

ఆమె ఫైల్లో తొలి ముసాయిదాలు కూడా దాచిపెట్టుకుంది. అడిగి చదివాను. “మా చెరువు ఎందుకు నిండటం లేదు” అన్న బాధతో రాసినది ఒకటి. చెరువులు రాష్ట్రం చూసుకోవలసినవి కనుక అది నిలవదని ఆఫీసులో చెప్పారట. ఇంకొకటి పట్టుగూళ్ల ధరల మీద రాసింది. అది పేజీన్నర ఉంది, నిండా ఆవేదనే. మూడుసార్లు తిరగరాశాక నాలుగు వాక్యాలకు వచ్చింది. ముడిపట్టు దిగుమతి గత అయిదేళ్లలో ఏటా ఎంత? దాని మీద సుంకం ఎంత? దేశంలోని గూళ్ల రైతులపై ఆ దిగుమతి ప్రభావాన్ని ప్రభుత్వం అంచనా వేసిందా? వేసి ఉంటే ఆ వివరాలేమిటి? ఆవేదన ఎక్కడికీ పోలేదు. తప్పించుకునే జవాబుకు చోటు లేని అంకెల ప్రశ్నగా మారింది. మూడేళ్లు తరగతి గదిలో పార్లమెంటు గురించి నేను చెప్పిన పాఠాలకన్నా ఆ నాలుగు వాక్యాల్లో ఆమె నేర్చుకున్నది ఎక్కువని నా నమ్మకం.

ఆ ప్రశ్న ఆమె ఇంట్లోంచి పుట్టింది. వాళ్ల నాన్నకు మల్బరీ తోట, పురుగుల షెడ్డు ఉన్నాయి. గూళ్లు హిందూపురం మార్కెట్‌కు తీసుకుపోతాడు. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టుకు దారి సులువయింది. ఆ ఏడాది గూళ్ల ధర పడిపోయి ఎంతోమంది రైతులు మల్బరీ పీకేశారు. తర్వాత కొంత పెంచారు. 2021 బడ్జెట్‌లో 10 నుంచి 15 శాతం చేశారు. బడ్జెట్ ప్రసంగంలో ఒక వాక్యం. దాని ఫలితం మాత్రం గుడిబండలో పురుగులకు ఆకు వేసే ఇంటిదాకా వస్తుంది. “మా నాయనకు ధర పడిందని తెలుసు సార్, ఎందుకు పడిందో ఎవరూ చెప్పలా” అంది. మా ఊరి పిల్ల ఆ గదిలో ఎందుకు ఉండాలో నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు సందర్శకుల గ్యాలరీకి పాసు దొరికింది. ఫోను, సంచి బయటే వదిలి, తనిఖీలన్నీ దాటి కూర్చున్నాం. 2023 మే 28న ప్రారంభమైన కొత్త భవనం ఇది. లోక్‌సభలో 888 మంది కూర్చోవచ్చు. పదకొండింటికి ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి. సభ్యులు అడుగుతుంటే ఆమె పెదవులు కదుపుతూ ప్రశ్న నంబర్లు లెక్కపెట్టుకుంటోంది. తన పట్టు ప్రశ్నకు లాటరీలో రాతపూర్వక జవాబుల జాబితాలో చోటు దొరికింది. ఆ ప్రశ్న సభలో వినిపించదు కానీ జవాబు రికార్డులో ఉండిపోతుంది. ఎవరైనా ఎప్పుడైనా తీసి చదువుకోవచ్చు.

బయటికి వచ్చాక పాత గుండ్రటి భవనాన్ని దూరం నుంచి చూపించింది. 1927 జనవరిలో ప్రారంభమైన ఆ భవనం పేరు ఇప్పుడు సంవిధాన్ సదన్. 1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ తొలిసారి కూర్చున్నది అక్కడే. ఆ సభలో మా హిందూపురం ప్రాంతం నుంచి కల్లూరు సుబ్బారావు ఉన్నారు, అనంతపురం జిల్లావారే అయిన నీలం సంజీవరెడ్డి కూడా ఉన్నారు. మా నేలకు రాజధానులు కొత్తేమీ కాదు. అమరాపురం దాటితే వచ్చే హేమావతి నొళంబుల రాజధాని. 1565 తర్వాత పెనుకొండ విజయనగర రాజ్యానికి రాజధాని. ఈ మాట ఆమెకు చెప్పినప్పుడు, “తెలుసు సార్, మీరే చెప్పినారు” అని నవ్వింది.

ఇక డబ్బు సంగతి. ఆమెకు ఇక్కడ జీతమేమీ లేదు. గది అద్దె, తిండి, మెట్రో ఖర్చంతా వాళ్ల నాన్న గూళ్లు అమ్మి పంపుతున్నాడు. గదిలో ఇంకో ఇద్దరితో కలిసి ఉంటోంది. ఇది ఒక్క ఆఫీసు తీరు కాదు. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు కూడా భత్యం ఉండదు. డిగ్రీ పిల్లలకు ఇంటర్‌లో 85 శాతం మార్కులు కావాలి, ల్యాప్‌టాప్ సొంతంగా తెచ్చుకోవాలి. 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలైనప్పుడు నెలకు 5,000 రూపాయలు పెట్టారు కానీ, రెగ్యులర్ కోర్సు చదువుతున్నవాళ్లను దానికి అర్హులుగా చేర్చలేదు. సభ్యులతో పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌లో వేతనం ఉంది, అయితే డిగ్రీ పూర్తయి ఉండాలి. అంటే సెమిస్టరు మొత్తం బయట గడపమని మనం ఎవరికి చెబుతున్నామో వాళ్లకే ఏ తలుపూ తెరుచుకోవడం లేదు. అమెరికాలో 1947 నుంచే కాలేజీ పిల్లలు ఒక సెమిస్టరు వాషింగ్టన్‌లో గడిపే ఏర్పాటు ఉంది. అక్కడ కూడా వైట్‌హౌస్ ఇంటర్న్‌లకు 2022లో గానీ జీతం రాలేదు. జీతం లేని చోటికి ఉన్నవాళ్ల పిల్లలే వస్తారని అన్నేళ్లకు గ్రహించారు. మనం అన్నేళ్లు ఆగనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25 మంది, రాజ్యసభకు 11 మంది సభ్యులున్నారు. బడ్జెట్ సమావేశాలకు ఒక్కొక్కరు తమ ప్రాంతపు ప్రభుత్వ కాలేజీ నుంచి ఒక్క విద్యార్థిని తీసుకున్నా ఏటా 36 మంది అవుతారు. అశోకా రోడ్డులో రాష్ట్రానికి సొంత భవన్ ఉంది. ఆ పిల్లలకు అక్కడో, దగ్గర్లోనో ఉండటానికి చోటు, నెలకు ఖర్చులకు సరిపడే భత్యం ఉన్నత విద్యామండలి ఏర్పాటు చేయాలి. ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది ప్రభుత్వమే కనుక ఈ బాధ్యత కూడా ప్రభుత్వానిదే. మన సభ్యులు ఈ విషయం పట్టించుకోవాలని, ఈ వ్యాసం చదివిన అధ్యాపకులు తమ సభ్యులకు ఇప్పుడే ఉత్తరం రాయాలని కోరుతున్నాను. ఆరో సెమిస్టరు డిసెంబరులోనే మొదలవుతుంది.