బమ్మర్, నారాజ్

అట్లాంటాకు వచ్చిన మొదటి ఏడాది. అప్పటికి మా ఊరు బీబీపేట ఇంకా నిజామాబాద్ జిల్లానే. దసరాకు ఊరికి పోదామని పెట్టుకున్న సెలవు ఆఖరు నిమిషంలో రద్దయింది. పక్క సీటు తెల్లాయనకు చెబితే, కాఫీ కప్పు దించకుండానే "బమ్మర్" అన్నాడు. హాస్టల్లో నేర్చుకున్న ఇంగ్లిషులో 'బమ్' అంటే నాకు తెలిసింది ఒకటే అర్థం, అదీ సార్లు లేనప్పుడు నవ్వుకునేది. నన్నే తిట్టాడనుకుని సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. 'అయ్యో, అట్లయిందా' అనడమని తర్వాత తెలిసింది.

ఈ మాట పూర్వాపరాలు అంత మంచివేం కావు. పనీపాటా లేక తిరిగేవాణ్ణి జర్మన్‌లో 'బుమ్లర్' అంటారు, అందులోంచి వచ్చిందంటారు. అది చరిత్రకెక్కింది మాత్రం మేముంటున్న ఈ జార్జియాలోనే. అమెరికా అంతర్యుద్ధంలో, 1864 నవంబరులో, ఉత్తరాది జనరల్ షెర్మన్ సుమారు 60,000 మంది సైన్యంతో అట్లాంటా నుంచి సవానాకు కదిలాడు. తిండి భారం దారిలోని ఊళ్ల మీదే. కోళ్లు, పందులు, చిలగడదుంపలు ఊడ్చుకుపోయే ఆ సిపాయిల్ని బమ్మర్లన్నారు. 1960ల్లో మత్తుమందు వికటించి నరకం చూపిన రాత్రికి హిప్పీలు అదే పేరు పెట్టారు. ఇప్పుడు పిక్నిక్‌కు వాన అడ్డమొచ్చినా బమ్మరే, ఐస్‌క్రీమ్ అయిపోయినా బమ్మరే. ఊళ్లు దోచిన సిపాయి ఐస్‌క్రీమ్ బండి దగ్గర తేలాడు.

సెలవు రద్దయిన రాత్రి అమ్మకు ఫోన్ చేసి వస్తలేనన్నాను. "మంచిది బిడ్డా, పని చూస్కో" అని పెట్టేసింది. తెల్లారి చెల్లె చెప్పింది: "అమ్మ నారాజయింది."

హిందీవాళ్లకు నారాజ్ అంటే కోపం. మా బీబీపేట దిక్కు ఒక్క కోపమే కాదు. ఆశపడడం, అది దక్కకపోవడం, ఎవరివల్ల దక్కలేదో వాళ్లతో సప్పుడు చేయకుండా ఉండడం, అన్నీ అందులోనే. పంచాయతీలో 'రాజీ' పడ్డారంటాం కదా, ఆ రాజీకి ముందు 'నా' చేరితే నారాజ్. బమ్మర్‌కు బాధ్యులెవరూ ఉండరు, భుజాలెగరేస్తే అయిపోతుంది. నారాజ్‌ను ఎవరో ఒకరు పోయి తీర్చాలి. నేను ఫోన్లోనే తీర్చబోయాను. "నాకేం నారాజు? నువ్వు తిన్నవా?" అన్నది. అంటే చాలా పెద్ద నారాజే.

మరుసటి ఏడు బతుకమ్మకు పది రోజుల ముందే బయల్దేరాను. కామారెడ్డిలో బీబీపేట బస్సెక్కుతుంటే చెల్లె ఫోన్: "అన్నా, ఏడిదాక వచ్చినవ్? అమ్మ పొద్దుగాల్నుంచి బస్టాండు కాడనే కూసున్నది."